బ్రష్‌లెస్ మోటారు వేసిన బగ్గీకి ఎన్ని పళ్ళ పినియన్ వాడాలి? రెండు స్పర్లు పోయాయి

ఉక్కునగరం_షిఫ్టు:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర వెనక చక్రాలతో నడిచే 1/10 కొలత రిమోట్ బగ్గీ ఒకటి ఉంది. అది టీమ్ అసోసియేటెడ్ వారి బీ4. మా విభాగంలో పనిచేసిన సహోద్యోగి ఒకరు బదిలీ మీద ఊరు విడిచి వెళ్తూ నాకు అమ్మారు. అప్పట్లో దానికి 27 చుట్ల బ్రష్ మోటారు, ఆరు సెల్లుల నికెల్ బ్యాటరీ, 81 పళ్ళ స్పర్ (గేర్‌బాక్స్ వైపు ఉండే పెద్ద గేరు), 21 పళ్ళ పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) ఉండేవి. ఏడాది పాటు ఏ ఇబ్బందీ పెట్టకుండా నడిచింది. వేగం మాత్రం మా అబ్బాయికి చాలలేదు. నిజం చెప్పాలంటే నాకూ చాలలేదు.

దసరాకు చేతిలో కాస్త డబ్బు ఆడడంతో 3300 కేవీ సెన్సార్‌లెస్ బ్రష్‌లెస్ మోటారును, దానికి తగిన ఈఎస్‌సీని (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఆన్‌లైన్‌లో తెప్పించాను. మోటారుకు శక్తి పెరిగింది కాబట్టి పెద్ద పినియన్‌ను అలవోకగా లాగుతుందని అనుకుని, 24 పళ్ళ ఉక్కు పినియన్ కూడా అదే ఆర్డరులో వేశాను. మొదటి రోజు ఇంజనీరింగ్ కళాశాల వైపు మైదానంలో నాలుగు నిమిషాలు నడిచాక కీచుమని శబ్దం వచ్చి బండి ఆగిపోయింది. విప్పి చూస్తే స్పర్ పళ్ళు ఒక వైపు నున్నగా చిత్రిక పట్టినట్టు పోయాయి. పళ్ళ మధ్య సందు ఎక్కువై ఉంటుందని భావించి, రెండో స్పర్ వేసి మోటారును బాగా దగ్గరగా జరిపి బిగించాను. ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు దిగి ఇసుకలో నడిపితే ఈసారి ఆరు నిమిషాలకు స్పర్ పోయింది. మోటారు మీద వేలు క్షణం కూడా ఆనలేదు. ఆగి ఉన్న బండిని కదిలించేటప్పుడు మోటారు రెండు మూడు సార్లు తటపటాయించి, ఆ తరువాత ఒక్కసారిగా దూకుతోంది.

ప్లాస్టిక్ స్పర్ బదులు ఉక్కు స్పర్ వేస్తే సమస్య తీరుతుందా? లేక 26 పళ్ళ పినియన్ వేసి మోటారు తిరిగే భారం తగ్గించాలా? వీటితో పాటు అల్యూమినియం చేతులు (చక్రాలను చాసిస్‌కు కలిపేవి), అల్యూమినియం షాక్ టవర్లు (షాక్‌లను పైన పట్టి ఉంచే పలకలు) కూడా తెప్పిద్దామని ఒక జాబితా రాసి పెట్టుకున్నాను. డబ్బు మళ్ళీ తగలేసే ముందు అనుభవజ్ఞుల సలహా తీసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.


వేగమే_వేదం:

ఉక్కు స్పర్ వేసుకోండి, మూడు సెల్లుల బ్యాటరీ పెట్టుకోండి, ఇక వెనక్కి తిరిగి చూడనవసరం లేదు. నా బండిలో రెండేళ్ళుగా ఉక్కు గేర్లే ఉన్నాయి, ఒక్క పన్నూ పోలేదు. ఇసుకలో మోటారు వేడెక్కడం సహజమే కాబట్టి దాని మీద ఒక చిన్న ఫ్యాను బిగించండి.


ఆటోనగర్_లేత్:

ఉక్కు స్పర్ ఆర్డరు పెట్టే ముందు మీరు వెర్నియర్ తీసి ఒక కొలత చూడవలసి ఉంది. ఎందుకంటే రెండు స్పర్లు పోయిన తీరు చదివితే నాకు బలం చాలక పోయినట్టు అనిపించలేదు. బలం చాలని గేరులో పన్ను మొదలంటా విరుగుతుంది. నున్నగా చిత్రిక పట్టినట్టు పోయిందంటే పినియన్ పన్ను, స్పర్ పన్ను ఒకే కొలతవి కాకపోవచ్చు. నేను ముప్పై ఏళ్ళుగా గేర్లు కోసే పనిలో ఉన్నాను. మా షాపుకు వచ్చే పంపుల గేర్లలోనూ, ఈ ఆటబండ్ల గేర్లలోనూ ఇది ఒకే విధంగా కనిపించే జబ్బు.

ఈ కొలత బగ్గీలలో పన్ను పరిమాణాన్ని రెండు భాషల్లో చెబుతారు. అమెరికా వాళ్ళ లెక్కలో అది పిచ్. అంటే గేరు పిచ్ వ్యాసంలో (రెండు గేర్ల పళ్ళు ఆనుకునే వలయపు వ్యాసం) ఒక్కొక్క అంగుళానికి ఎన్ని పళ్ళు వస్తాయన్న సంఖ్య. మీ బీ4కు వచ్చే స్పర్ 48 పిచ్‌ది. జపాన్, యూరప్ వాళ్ళ లెక్కలో అది మాడ్యూల్. అంటే పిచ్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేది. 25.4ను 48తో భాగిస్తే 0.529 వస్తుంది కాబట్టి 48 పిచ్ అంటే 0.529 మాడ్యూల్ అన్నమాట. బజారులో దొరికే మెట్రిక్ పినియన్లు 0.5, 0.6 మాడ్యూళ్ళలో ఉంటాయి. 48 పిచ్ అటు 0.5కీ సరిపోదు, ఇటు 0.6కీ సరిపోదు. పెద్ద బండ్లలో 32 పిచ్, 0.8 మాడ్యూల్ దాదాపు ఒకటే కావడంతో వాటిని కలిపి నడిపేవారు ఉన్నారు. ఆ అలవాటుతోనే కొందరు చిన్న గేర్లనూ కలిపేస్తారు. పైకి చూస్తే పళ్ళు ఇమిడినట్టే ఉంటాయి, చేత్తో తిప్పితే తిరుగుతాయి కూడా. ఆ తిరగడం చూసే అందరూ మోసపోతారు.

కొలవడం తేలిక. గేరు బయటి వ్యాసం, పళ్ళ సంఖ్యకు రెండు కలిపి మాడ్యూల్‌తో గుణించినంత ఉంటుంది. మీ 24 పళ్ళ పినియన్ 48 పిచ్‌దైతే 26ను 0.529తో గుణించి 13.8 మిల్లీమీటర్లు రావాలి. 0.6 మాడ్యూల్‌ది అయితే 15.6 వస్తుంది. 0.5 అయితే 13 వస్తుంది. దాదాపు రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టడానికి మంచి వెర్నియర్ కూడా అవసరం లేదు, పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు చాలు. ఈ కొలత చూసి చెప్పండి, మిగతా సంగతి తరువాత మాట్లాడుకుందాం.

ఉక్కు స్పర్ విషయంలో పై సభ్యులతో నేను ఏకీభవించలేను. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉండే గేర్ల జతలో అరిగేది ఏదో మనం ముందే నిర్ణయించుకున్నట్టు లెక్క. ప్లాస్టిక్ స్పర్ తక్కువ ధరలో దొరుకుతుంది, నాలుగు మరలు విప్పితే మారుతుంది. దాన్ని ఉక్కు చేస్తే ఆ దెబ్బ గేర్‌బాక్స్ లోపలి ఐడ్లర్ గేరుకో (మధ్యలో శక్తిని అందించే గేరు), రెండు వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కో పోతుంది. అవి విప్పాలంటే సగం బండి విప్పాలి. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో లావుపాటి తీగ చుట్టేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళను మీరు చూసే ఉంటారు.


మద్దిలపాలెం_పాతకాపు:

మాస్టారు చెప్పిన పిచ్ తేడా నిజమే అయి ఉండవచ్చు. అయితే అది సరిచేసినా 24 పళ్ళతో మీ మోటారు కాలడం ఆగదు. అది వేరే సమస్య కనుక విడిగా రాస్తున్నాను.

మీ గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి 2.60. స్పర్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగించి, దాన్ని 2.60తో గుణిస్తే మోటారు ఎన్ని చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుందో తెలుస్తుంది. పాత బ్రష్ మోటారుతో, 21 పళ్ళ పినియన్‌తో అది 10.03. ఆ తరహా మోటారు 7.2 వోల్టుల దగ్గర బరువు లేకుండా సుమారు 15 వేల చుట్లు తిరుగుతుంది. బగ్గీ వెనక టైరు వ్యాసం 85 మిల్లీమీటర్లు అనుకుంటే దాని చుట్టుకొలత 26.7 సెంటీమీటర్లు. ఈ లెక్కన పాత బండి కాగితం మీద గంటకు 24 కిలోమీటర్లు వెళ్ళాలి. కొత్త మోటారు 3300 కేవీ అంటే ఒక వోల్టుకు 3300 చుట్లు కాబట్టి 7.4 వోల్టులకు 24,420 చుట్లు. పినియన్ ముట్టుకోకుండా 21 పళ్ళతోనే ఉంచి ఉంటే వేగం 39కి వెళ్ళేది. మోటారు మార్చడంతోనే మీకు కావలసిన వేగం వచ్చేసింది. ఆ మీదట పినియన్ పెంచి మోటారు మీద మరో మోపు వేశారు.

మీరు 26 పళ్ళు వేస్తే భారం తగ్గుతుందేమో అని అడిగారు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. సైకిలు మీద కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముందు పెద్ద పళ్ళ చక్రం మీద గొలుసు ఉంచి తొక్కి చూడండి, తొక్కే చుట్లు తగ్గుతాయి, మోకాళ్ళు మాత్రం చెబుతాయి. మోటారుకూ అంతే. పినియన్ పెద్దదైతే అదే లాగుడుకు మోటారు ఎక్కువ టార్కు (తిప్పే బలం) ఇవ్వాలి, టార్కుకు తగ్గట్టే కరెంటు పెరుగుతుంది, రాగి తీగలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 18 పళ్ళ నుంచి 24కు వెళితే వేగం లెక్క ప్రకారం 33 నుంచి 44కు, అంటే మూడో వంతు పెరుగుతుంది. అదే లాగుడుకు వేడి మాత్రం 78 శాతం పెరుగుతుంది. ఇంకా వేడెక్కిన రాగికి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి వేడి వేడిని పెంచుకుంటూ పోతుంది. దీనికి ఫ్యాను పెట్టడం అంటే పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించకుండా ఊదుతూ కూర్చోవడమే. ఫ్యాను తప్పని అనను, గేరింగు సరిచేసిన తరువాత పెట్టుకోండి. మూడు సెల్లుల సంగతి మీ గేర్‌బాక్స్ గట్టితనం తేలేదాకా మరిచిపోండి. 11.1 వోల్టులకు 21 పళ్ళతోనే లెక్క 58 దాటుతుంది, ఆ వేగంతో అబ్బాయి చేతిలో బండి గోడకు కొడితే ముందు ఏది విరిగిందో వెతుక్కోవలసి వస్తుంది.

మీరు చెప్పిన తటపటాయింపు సంగతి కూడా దీనితో ముడిపడిందే. సెన్సార్ లేని మోటారు నిలిచి ఉన్నప్పుడు లోపలి అయస్కాంతం ఏ స్థానంలో ఉందో ఈఎస్‌సీకి తెలియదు. కాస్త తిరిగి, తీగలలో వోల్టేజి పుట్టాకే అది లయ అందుకుంటుంది. పెద్ద పినియన్‌తో, అందులోనూ ఇసుకలో, ఆ మొదటి కాస్త తిరగడమే గగనమవుతుంది. చిన్న పినియన్‌తో ఇది పూర్తిగా పోదు గానీ చాలావరకు తగ్గుతుంది.

నా సలహా, 18 పళ్ళతో మొదలుపెట్టి మీ మైదానంలో మూడు నాలుగు నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే మోటారు వెనక వైపు మూత మీద ఉష్ణోగ్రత చూడండి. 70 డిగ్రీల లోపు ఉంటే ఒక పన్ను, లేదా రెండు పళ్ళు పెంచండి. 80 దరిదాపులకు వస్తే వెనక్కి తగ్గండి. అందులోని నియోడిమియం అయస్కాంతాలలో మామూలు రకానివి ఆ పైన బలాన్ని శాశ్వతంగా కోల్పోవడం మొదలుపెడతాయి, కోల్పోయాక చల్లారినా ఆ మోటారు మునుపటిలా లాగదు. కొలవడానికి పరిశ్రమల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి. కరోనా రోజుల్లో అందరం కొన్న నుదుటి థర్మామీటరు ఇందుకు పనికిరాదు, అది మనిషి జ్వరం దాటిన వేడిని చూపదు. ఇంకొక సంగతి, ఇప్పుడు చలికాలపు ఉదయాన సరిపోయిన పినియన్ మే నెలలో సరిపోదు. బయటి గాలి పది డిగ్రీలు పెరిగితే మోటారూ ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఎండాకాలానికి ఒక పన్ను తక్కువది విడిగా పెట్టుకోవడం నాకు పదేళ్ళుగా అలవాటు.


భీమిలి_ఇసుక:

గేర్ల లెక్క పెద్దలు చెప్పేశారు. నేను భూగర్భశాస్త్రం చదువుకున్నవాడిని కనుక నడిపిన చోటు గురించి ఒక మాట చెబుతాను. మన తీరంలో, విశాఖ నుంచి భీమిలి దాకా, ఇసుకలో అక్కడక్కడ నల్లగా, ఎర్రగా చారలు కనిపిస్తాయి. ఆ నలుపులో ఇల్మనైటు, మాగ్నటైటు ఉంటాయి, ఎరుపు గార్నెట్. ఒక అయస్కాంతం తీసుకెళ్ళి ఆ నల్ల చారలో పెట్టి చూడండి, మీసాల్లా అతుక్కుంటుంది. బ్రష్‌లెస్ మోటారు లోపల తిరిగేది అయస్కాంతమే. గాలి కోసం వదిలిన సందుల గుండా ఆ మాగ్నటైటు రేణువులు లోపలికి వెళ్ళాయంటే దులిపితే రాలవు, తిరిగే భాగానికీ తీగచుట్లకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో చేరి గీకుతూ ఉంటాయి. గార్నెట్ సంగతి చెప్పనక్కరలేదు, దానితో గరుకు కాగితం తయారు చేస్తారు. మీ రెండో స్పర్ మొదటిదాని కంటే రెండు నిమిషాలు ఎక్కువ నడిచిందన్నారు, పళ్ళ మధ్య గార్నెట్ పడకపోతే ఇంకో రెండు నిమిషాలు నడిచేదేమో.

ఉప్పు గాలి మరో సమస్య. సముద్రం పక్కన నడిపిన రోజు ఇంటికి రాగానే మంచినీటి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, బేరింగులలో ఒక్కొక్క చుక్క సన్నటి నూనె వేయకపోతే వారం తిరిగేసరికి అవి తుప్పుపట్టి గరగరలాడతాయి. నేను నాలుగు చక్రాలలో బేరింగులు ఇలాగే పోగొట్టుకున్నాను. లోహపు మూత ఉన్న బేరింగుల కంటే రబ్బరు సీలు ఉన్నవి మన ఊరికి మేలు. కాస్త రాపిడి ఎక్కువైనా భరించవచ్చు.

ఇసుక మీద నడపాలన్న కోరిక ఉంటే తెడ్డు టైర్లు వేసి, మోటారును పలుచటి బట్ట తొడుగుతో కప్పి, 16 లేదా 17 పళ్ళతో నడపండి. ఎవరో ఒకరు ఎర్రమట్టి దిబ్బల మీదికి తీసుకెళ్ళమని సలహా ఇవ్వక ముందే చెబుతున్నాను, దయచేసి అక్కడికి వద్దు. అది రక్షిత భూవారసత్వ స్థలం. ఆ మట్టి ఎంత మెత్తనిదంటే ఒక చక్రపు గాడి పడితే తరువాతి వానకు అదే కాలువ అవుతుంది.


వేగమే_వేదం:

మాస్టారి మాట కాదనను గానీ, నా ఉక్కు స్పర్ రెండేళ్ళుగా ఎలా నిలిచిందో మరి?


ఆటోనగర్_లేత్:

మీ బండిలో స్లిప్పర్ క్లచ్ (దెబ్బ పడినప్పుడు కాస్త జారి గేర్లను కాపాడేది) సరిగ్గా సర్ది ఉండి ఉంటుంది, లేదా మీరు తారు రోడ్డు మీద ఎక్కువ నడిపి ఉంటారు. మీ గేర్‌బాక్స్ మూత ఒకసారి తీసి ఐడ్లర్ పళ్ళు చూసి చెప్పండి, తెలుసుకోవాలని నాకూ ఉంది.


ఉక్కునగరం_షిఫ్టు:

అందరికీ ధన్యవాదాలు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి మొట్టమొదట చేసిన పని పినియన్ కొలవడమే. బయటి వ్యాసం 15.6 మిల్లీమీటర్లు వచ్చింది. మిగిలి ఉన్న స్పర్ 43.9 వచ్చింది. 83ను 0.529తో గుణిస్తే అదే వస్తోంది, అంటే స్పర్ 48 పిచ్, పినియన్ 0.6 మాడ్యూల్. ఆర్డరు పేజీ మళ్ళీ తెరిచి చూస్తే 0.6 అని స్పష్టంగా రాసే ఉంది, పళ్ళ సంఖ్య తప్ప మరేమీ చదవకుండా కొన్నది నేనే. రెండు స్పర్లను, ఒక ఆదివారాన్ని నా కళ్ళు మూసుకుని నేనే అరగదీసుకున్నాను.

48 పిచ్‌లో 18, 20, 22 పళ్ళ పినియన్లు తెప్పిస్తున్నాను. మూడు సెల్లుల ఆలోచన విరమించుకున్నాను. అయితే పినియన్‌కూ స్పర్‌కూ మధ్య ఎంత సందు ఉంచాలన్నది, స్లిప్పర్ ఎలా సర్దాలన్నది నాకు ఇప్పటికీ తెలియదు. మొదట వదులుగా, తరువాత బిగుతుగా పెట్టి రెండు విధాలా చెడ్డాను కాబట్టి ఈసారి అడిగి చేద్దామని ఉంది. అల్యూమినియం జాబితా గురించి కూడా ఎవరూ ఏమీ అనలేదు.


ఆటోనగర్_లేత్:

సందు సంగతి చాలా తేలిక. నోటుపుస్తకం కాగితం నుంచి గేరు వెడల్పుకు ఒక పట్టీ కత్తిరించి, పినియన్‌కూ స్పర్‌కూ మధ్య దూర్చి, మోటారును స్పర్ వైపు మెల్లగా ఆనేలా నొక్కి పట్టుకుని మరలు బిగించండి. స్పర్ తిప్పి కాగితం బయటికి తీస్తే అది జంతిక అచ్చులా ముడతలు పడి, చిరగకుండా రావాలి. ఆ తరువాత స్పర్‌ను వేలితో అటూ ఇటూ కదిపితే టిక్‌టిక్‌మని అతి స్వల్పంగా ఆడాలి. స్పర్ ఎప్పుడూ పూర్తి గుండ్రంగా ఉండదు. అందుకని ఒక చోట చూసి ఊరుకోకుండా, చుట్టూ నాలుగైదు చోట్ల తిప్పి అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట సందు సరిచూసుకోండి. మోటారు ఇరుసు మీద చదునుగా కోసిన భాగం ఉంటుంది. పినియన్ గ్రబ్ స్క్రూ సరిగ్గా దాని మీదికే రావాలి. లోహానికి లోహం కాబట్టి అక్కడ నీలిరంగు థ్రెడ్‌లాకర్ ఒక చిన్న చుక్క వేయండి, ప్లాస్టిక్ మీద మాత్రం పడనీయకండి, అది ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది.

పళ్ళ సంఖ్యలో ఇంకొక చిన్న విషయం ఉంది, ఇది మా వృత్తి చాదస్తం అనుకోండి. 81కీ 18కీ 9 ఉమ్మడి కారణాంకం. కనుక పినియన్‌లోని ఒక పన్ను ఎప్పుడూ స్పర్‌లోని అవే తొమ్మిది పళ్ళను కలుస్తూ ఉంటుంది. పినియన్‌లో ఒక పన్ను వంకర ఉంటే ఆ తొమ్మిదే అరుగుతాయి. 20తో గానీ 22తో గానీ ఉమ్మడి కారణాంకం లేదు, ప్రతి పన్నూ ప్రతి పన్నునూ కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటాయి. మీ బండికి ఇది ప్రాణాంతకం కాదు. 18, 20 రెండూ వేడి విషయంలో సమానంగా తేలితే 20 ఉంచండి, అంతే.


మద్దిలపాలెం_పాతకాపు:

స్లిప్పర్ కంటే ముందు డిఫరెన్షియల్ సర్దాలి, ఈ వరస తప్పితే రెండూ చెడతాయి. మీ బండిలో ఉన్నది బాల్ డిఫ్. అందులో సన్నటి ఉక్కు గుండ్లు రెండు రింగుల మధ్య నలుగుతూ శక్తిని చక్రాలకు అందిస్తాయి. వదులుగా ఉండి జారితే గుండ్లు ఆ రింగులను గాడి కొట్టేస్తాయి. కుడి వెనక చక్రాన్నీ స్పర్‌నూ కదలకుండా పట్టుకుని ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పడానికి ప్రయత్నించండి. బాగా కష్టం మీద తప్ప తిరగకూడదు. అలాగని బిగించి బిగించి రాయి చేయకండి. స్పర్ వదిలేసి ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిశలో నున్నగా తిరగాలి.

ఆ తరువాత స్లిప్పర్ నట్. రెండు వెనక చక్రాలనూ నేలకు అదిమి పట్టుకుని త్రాటిల్ కొంచెం ఇస్తే ముందు చక్రాలు లేవబోతూ స్లిప్పర్ జారాలి. జారేది స్లిప్పరే కావాలి, డిఫ్ కాకూడదు. కుక్క మూలిగినట్టు శబ్దం వస్తే జారుతున్నది డిఫ్ అని గుర్తు, వెంటనే ఆపండి. మైదానంలో ఆగి ఉన్న బండికి పూర్తి త్రాటిల్ ఇచ్చినప్పుడు మొదటి రెండు మూడు అడుగుల దూరం సన్నటి ఈలలాంటి చప్పుడు వినిపించి ఆగిపోవడం సరైన సర్దుబాటు. గెంతు తరువాత చక్రాలు నేలను తాకే క్షణంలో గేర్‌బాక్స్ మీద పడే దెబ్బను ఆ స్లిప్పరే కాచుకుంటుంది. బ్రష్ మోటారు రోజుల్లో దాన్ని పూర్తిగా బిగించి మరిచిపోయినా నడిచేది, ఇప్పుడు నడవదు.

అల్యూమినియం జాబితాలో నుంచి నేనైతే చేతులు కొట్టేస్తాను. ప్లాస్టిక్ చేయి గోడకు కొట్టినప్పుడు వంగి మళ్ళీ నిలబడుతుంది, మరీ గట్టిగా కొడితే విరుగుతుంది, మార్చుకుంటారు. అల్యూమినియం చేయి వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేకపోతే ఆ దెబ్బను చేయి బిగించి ఉన్న లోపలి బల్క్‌హెడ్‌కు అప్పగిస్తుంది. ఆ డబ్బుతో పూర్తి సెట్టు రబ్బరు సీలు బేరింగులు కొనండి, మిగిలితే రెండు రకాల టైర్లు కొనండి. మన మైదానాల ఎర్ర గరపనేల టైర్లను తినేస్తుంది, కొత్త టైర్ల పిన్నులు పది బ్యాటరీలకే సగమవుతాయి. టైరు కొలత మారితే గేరింగు మారినట్టే అన్నది గుర్తుంచుకోండి. 85 మిల్లీమీటర్ల టైరు తీసి 90ది వేస్తే 20 పళ్ళ దగ్గర పినియన్ ఒక పన్ను కంటే ఎక్కువే పెంచినట్టు లెక్క.

చివరిగా ఈఎస్‌సీలో లైపో కటాఫ్ (బ్యాటరీ వోల్టేజి బాగా తగ్గితే మోటారును ఆపే సెట్టింగు) ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి. నికెల్ సెట్టింగులో వదిలేస్తే బ్యాటరీ ఒక్కొక్క సెల్లు 3.2 వోల్టుల కిందికి పోయినా బండి నడుస్తూనే ఉంటుంది, ఆ తరువాత బ్యాటరీ పూరీలా ఉబ్బుతుంది. వారం రోజులు నడపరనుకుంటే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.


ఉక్కునగరం_షిఫ్టు:

మూడు వారాల తరువాత ఫలితం రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పినియన్లు వచ్చాక రెండు ఆదివారాలు అదే మైదానంలో, ఉదయం ఆరున్నరకు, గాలి 22 డిగ్రీలు ఉన్నప్పుడు, ఐదేసి నిమిషాలు నడిపి ప్లాంటులో పరిచయస్తుల దగ్గర అరువు తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూశాను. 18 పళ్ళకు 49 డిగ్రీలు, 20 పళ్ళకు 58, 22 పళ్ళకు 69 వచ్చాయి. 22 నుంచి 20కి దిగితే చేతికి వేగం తేడా దాదాపు తెలియలేదు, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం 20 చురుకుగా ఉంది. మా అబ్బాయి 22 ఉంచమన్నాడు. ఎండాకాలం లెక్క వేసి చూపించాక ఊరుకున్నాడు. ప్రస్తుతం 20 ఉంది. తటపటాయింపు నూటికి తొంభై వంతులు పోయింది.

స్లిప్పర్ సర్దడానికి గంటన్నర పట్టింది, మొదటి ప్రయత్నంలో మూలిగింది డిఫే. దాన్ని విప్పి చూస్తే పాత యజమాని కాలం నాటి గ్రీజు గట్టిపడి తేనె రంగు జిగురులా ఉంది. కడిగి, రింగులు తిప్పి వేసి, కొత్త గ్రీజు పెట్టాను. స్పర్ మీద ఇప్పటికి పద్నాలుగు బ్యాటరీలు నడిచాయి, పళ్ళు ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. మోటారు మూత విప్పినప్పుడు మాత్రం లోపల భీమిలి_ఇసుక గారు చెప్పినట్టే నల్లటి నూగు అంటుకుని ఉంది. దాన్ని ఎంత తుడిచినా గుడ్డకు రాలేదు, చివరికి సెల్లోటేపు అంటించి లాగితే వచ్చింది.


ఆటోనగర్_లేత్:

సంతోషం. ఆ 0.6 పినియన్‌ను పెట్టెలో ఉంచుకోకండి, ఏదో ఒక రోజు తొందరలో మళ్ళీ దాన్నే బిగిస్తారు. గాజువాక వైపు వచ్చినప్పుడు నాకు ఇవ్వండి, మా షాపులో కుర్రాళ్ళకు పిచ్ తేడా చూపించడానికి పనికొస్తుంది.


వేగమే_వేదం:

గేర్‌బాక్స్ మూత తీశాను. ఐడ్లర్‌లో నాలుగు పళ్ళు సగం లేవు. 48 పిచ్ ప్లాస్టిక్ స్పర్ 81 పళ్ళది మన ఊళ్ళో ఎవరి దగ్గరైనా అదనంగా ఉందా?